నీటిలో సీసం జాడ పట్టే నల్లపొడి: నా అనుభవం

తాగే నీటిలో సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాడ్మియానికి ఆ హద్దు 3, అకర్బన పాదరసానికి 6. చాలా ల్యాబుల్లో ఉండే ఫ్లేమ్ ఏఏఎస్ (శాంపిల్‌ను మంటలోకి పంపి, లోహ పరమాణువులు ఎంత కాంతిని పీల్చుకున్నాయో చూసే పరికరం) సీసాన్ని గుర్తుపట్టగలిగే కనీస స్థాయి కూడా ఇంచుమించు ఆ 10 దగ్గరే ఉంటుంది. అంటే నీళ్లు మంచివో కాదో తేల్చాల్సిన చోటే పరికరం తడబడుతుంది. లోహాలను ప్లాస్మాలో అయాన్లుగా మార్చి ద్రవ్యరాశిని బట్టి లెక్కించే ఐసీపీ-ఎంఎస్ ఉంటే లీటరుకు నానోగ్రాముల దాకా చూడొచ్చు, నిజమే. కానీ అది అన్ని ల్యాబుల్లోనూ ఉండదు. ఉన్నా సముద్రపు నీటిని నేరుగా పెట్టలేం. కరిగిన లవణాలు 0.2 శాతం దాటితే అయాన్లు లోపలికి వెళ్లే సన్నరంధ్రపు కోన్ల మీద ఉప్పు పేరుకుంటుంది, సిగ్నల్ పడిపోతుంది. సముద్రపు నీటిలో ఉప్పు 3.5 శాతం. అందులో సీసాన్ని వెతకడమంటే సంత గోలలో గుసగుస వినడమే.

ఈ చిక్కుకు పీహెచ్‌డీలో నేను పట్టుకున్న దారి ఇది. నీటిలో ఉన్న లోహాన్ని ముందు ఒక పొడి మీదికి లాగాలి. ఆ పొడిని అయస్కాంతంతో పక్కకు తీయాలి. దానికి అంటుకున్న లోహాన్ని కొద్దిపాటి ఆమ్లంలోకి దింపి అప్పుడు కొలవాలి. 250 మిల్లీలీటర్ల నీటిలోని సీసమంతా 2.5 మిల్లీలీటర్లలోకి వస్తే వంద రెట్లు చిక్కబడినట్టే. ఉప్పు మాత్రం పారబోసిన నీటితో పోతుంది. మాగ్నెటిక్ సాలిడ్ ఫేజ్ ఎక్స్‌ట్రాక్షన్ అనే పేరుతో ఇది 1999లో చెక్ శాస్త్రవేత్తలు షఫారికోవా, షఫారిక్‌ల పేపరుతో మొదలైంది. ఆ తర్వాత రకరకాల పొడులతో పేపర్లు వెల్లువెత్తాయి. అన్నింటిలోనూ ముందు కనిపించే అంకె కెపాసిటీ: ఒక గ్రాము పొడి ఎన్ని మిల్లీగ్రాముల లోహాన్ని పట్టుకుంటుంది అని. నేనూ మొదట్లో ఆ అంకె చూసే పదార్థాన్ని ఎంచుకోవాలనుకున్నాను.

మా గైడ్ మేడమ్ నా ప్లాన్ చదివి ఒక్కటే అడిగారు. "కెపాసిటీ సంగతి సరేనమ్మా, నువ్వు పట్టాల్సిన సీసం ఎంత?" అక్కడే కూర్చుని లెక్క వేశాను. 20 మిల్లీగ్రాముల పొడి వాడతాను. గ్రాముకు 50 మిల్లీగ్రాముల మామూలు కెపాసిటీ ఉన్నా అది 1 మిల్లీగ్రాము సీసాన్ని పట్టుకోగలదు. హద్దు దగ్గర, అంటే లీటరుకు 10 మైక్రోగ్రాములున్న నీటిని 250 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో ఉన్న సీసం 2.5 మైక్రోగ్రాములు. పొడిలో ఉన్న చోటులో నాలుగు వందల వంతు. కెపాసిటీ రెట్టింపైనా, సగమైనా ఈ పనికి ఒరిగేదీ తరిగేదీ ఏమీ లేదు. కలుషిత జలాలను శుద్ధి చేసేవాళ్లకు ఆ అంకె కావాలి. కొలిచేవాళ్లకు కావాల్సింది వేరు.

మొదట చూసింది గ్రాఫీన్ ఆక్సైడ్ (ఆక్సిజన్ గుంపులున్న పలుచని కార్బన్ పొరలు), మాగ్నెటైట్ (అయస్కాంతానికి అతుక్కునే ఇనుప ఆక్సైడ్) కలిసిన కాంపోజిట్, అంటే మిశ్రమ పదార్థం. గ్రాఫీన్ ఆక్సైడ్‌ను రసాయన శాస్త్రవేత్త హమ్మర్స్ 1958లో ఇచ్చిన పద్ధతి ఆధారంగానే ఇప్పటికీ చేస్తారు: గ్రాఫైట్ పొడిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పొటాషియం పర్మాంగనేట్‌తో ఆక్సీకరించి, చివర్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే ముదురు గోధుమరంగు ముద్ద పసుపులోకి తిరుగుతుంది. పర్మాంగనేట్ కలిపేటప్పుడు ఫ్లాస్కు ఐస్‌లోనే ఉండాలి, చిటికెడు చిటికెడుగానే వేయాలి. వేడెక్కితే పేలే ప్రమాదం ఉంది, ఇందులో తొందరపాటుకు తావులేదు. వచ్చిన పొర మీద కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ గుంపులు దండిగా ఉంటాయి. అయాన్లు తీసేసిన (డీఅయనైజ్డ్) నీటిలో సీసం కలిపి చూస్తే అద్భుతంగా పట్టింది.

అసలు నీళ్లు పోసేసరికి కథ మారింది. కాస్త కఠినజలంలో కాల్షియం లీటరుకు 80 మిల్లీగ్రాములు ఉండటం మామూలే. 250 మిల్లీలీటర్లలో అది 20 మిల్లీగ్రాములు. పక్కన సీసం 2.5 మైక్రోగ్రాములు. బరువులో ఎనిమిది వేల రెట్ల తేడా. కార్బాక్సిల్ గుంపులకు సీసమంటే ఇష్టమే, కానీ కాల్షియం అంతమంది వచ్చి మీద పడితే దాన్నీ కాదనలేవు. రికవరీ, అంటే ఉన్న సీసంలో తిరిగి చేతికొచ్చే వంతు, పడిపోయింది. పైగా పర్మాంగనేట్ నుంచి వచ్చిన మాంగనీసు ఆ పొరల మధ్య ఎంత కడిగినా మిగులుతూనే ఉంది. దాంతో మాంగనీసు కొలవాలన్న ఆలోచనకు నీళ్లొదిలేశాను. గ్రాఫీన్ ఆక్సైడ్ మంచి పదార్థమే, వేరే పనులకు. నాకు ఏ లోహం పడితే ఆ లోహాన్ని పట్టే పొడి వద్దు, సీసాన్నీ కాడ్మియాన్నీ ఏరి పట్టేది కావాలి.

ఇక్కడ రసాయన శాస్త్రవేత్త పియర్సన్ 1963లో చెప్పిన మెత్తని, గట్టి ఆమ్ల-క్షారాల సూత్రం అక్కరకొచ్చింది. కాల్షియం, మెగ్నీషియం గట్టివి, ఆక్సిజన్ అంటే మొగ్గు. పాదరసం, కాడ్మియం మెత్తనివి, గంధకాన్ని వెతుక్కుంటాయి. సీసం మధ్యరకం, అయినా గంధకంతో గట్టిగానే కూడుతుంది. పొడి మీద గంధకం ఉంటే, అంటే థయాల్ (గంధకం-హైడ్రోజన్) గుంపులుంటే, కాల్షియం ఎంత ఉన్నా పక్కనుంచి వెళ్లిపోతుంది. అలా మూడు అంతస్తుల పొడి దగ్గర స్థిరపడ్డాను: లోపల మాగ్నెటైట్, దాని చుట్టూ సిలికా పొర, ఆ పొర మీద థయాల్.

మాగ్నెటైట్ చేయడం నాకు ఇప్పటికీ ఇష్టమైన పని. ఫెర్రిక్ క్లోరైడ్, ఫెర్రస్ క్లోరైడ్ రెండుకు ఒకటి మోలార్ నిష్పత్తిలో తీసుకుని, నైట్రోజన్ బుడగలు పంపి ఆక్సిజన్ తీసేసిన నీటిలో కరిగించాలి. 80 డిగ్రీల దగ్గర గట్టిగా తిప్పుతూ అమ్మోనియా పోస్తే నారింజ రంగు ద్రావణం క్షణంలో నల్లబడుతుంది. ఆ నలుపు చూసే పని ఎలా జరిగిందో చెప్పొచ్చు. గోధుమ ఛాయ కనిపిస్తే గాలి తగిలి ఫెర్రస్ ఇనుము ఆక్సీకరణం చెందినట్టే. కణాలు 10 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటాయి. ఆ సైజులో మాగ్నెటైట్ సూపర్‌పారామాగ్నెటిక్‌గా ఉంటుంది: అయస్కాంతం దగ్గరికి తెస్తే లాగేసుకుంటుంది, తీసేస్తే అయస్కాంతత్వం మిగలదు కాబట్టి కణాలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా మళ్లీ నీటిలో చెదురుతాయి. ఈ గుణం లేకపోతే పద్ధతి మొత్తం లేదు.

సిలికా పొర ఎందుకంటే, లోహాన్ని దింపడానికి వాడే ఆమ్లం మాగ్నెటైట్‌ను కూడా కరిగిస్తుంది. కరిగిన ఇనుము కొలతలో అడ్డు తగులుతుంది. 1968 నాటి స్టోబర్ పద్ధతిలో ఇథనాల్, నీరు, అమ్మోనియా కలిపిన దాంట్లో కణాలను చెదరగొట్టి సిలికాకు మూలమైన టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్‌ను చుక్కలు చుక్కలుగా వేస్తాం. ఇక్కడ ఓపిక కావాలి. ఒక్కసారిగా పోస్తే సిలికా కణాల మీద పేరకుండా విడిగా తెల్లటి గుండ్లు కట్టేస్తుంది. దాన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. బీకరు పక్కన నియోడిమియం అయస్కాంతం పెట్టాలి. నల్లకణాలన్నీ గోడకు చేరాక మధ్యలో ద్రవం పాలవిరుగుడులా తెల్లగా మిగిలితే అవి లోపల ఇనుము లేని సిలికా గుండ్లు. తేటగా మిగిలితే పొర సరిగ్గా పడ్డట్టు. నేను ఆ తేటను చూసుకున్నాకే తర్వాతి అడుగు వేసేదాన్ని.

ఆఖరున నీరు లేని టాలుయిన్‌లో థయాల్ గుంపునిచ్చే మెర్కాప్టోప్రొపైల్ ట్రైమిథాక్సీ సిలేన్‌తో రాత్రంతా రిఫ్లక్స్, అంటే ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే పడేలా మరిగించడం. ఫ్యూమ్ హుడ్ దాటకుండా చూసుకోవాలి, ఆ వాసన ఒకసారి పట్టిందంటే వదలదు. స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో 35.5 డిగ్రీల దగ్గర మాగ్నెటైట్ ముఖ్య శిఖరం, రసాయన బంధాలను చూపే పరారుణ పరీక్ష ఎఫ్‌టీఐఆర్‌లో సెంటీమీటరుకు 1080 తరంగాల దగ్గర సిలికా పట్టీ స్పష్టంగా వచ్చాయి. థయాల్ పట్టీ 2550 దగ్గర రావాలి, కానీ అది ఎప్పుడూ బలహీనమే, ఉందా లేదా అని కళ్లు చికిలించాల్సి వస్తుంది. నేను దాని మీద ఆధారపడలేదు. ఎల్మన్ రీఏజెంట్ కలిపితే థయాల్ ఉన్న మేరకు పసుపు రంగు వస్తుంది, 412 నానోమీటర్ల దగ్గర దాన్ని కొలవొచ్చు. లోహానికి అందేలా పైకి ఉన్న థయాల్ ఎంతో చెప్పే పరీక్ష అదే కనుక, నాకు అన్నింటికంటే దాని మీదే నమ్మకం.

పొడి తయారయ్యాక పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి నా సమయంలో ఎక్కువ భాగం ఆ తర్వాత ఒకే ఒక్క విషయానికి పోయింది: బ్లాంక్.

బ్లాంక్ అంటే శాంపిల్ బదులు అతిశుద్ధ జలం పెట్టి అవే బాటిళ్లు, అవే ఆమ్లాలు, అదే పొడితో అన్ని అడుగులూ నడపడం. సున్నా రావాలి. రాదు. వచ్చిన చిన్న అంకె కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఆ ఊగిసలాట ఎంతో దాన్ని బట్టే డిటెక్షన్ లిమిట్, అంటే పద్ధతి చూడగల కనీస స్థాయి, తేలుతుంది: బ్లాంకుల ప్రామాణిక విచలనాన్ని మూడుతో గుణించి కాలిబ్రేషన్ వాలుతో (లోహం పెరిగేకొద్దీ సిగ్నల్ ఎంత పెరుగుతుందో దానితో) భాగించాలి. పొడి ఎంత గొప్పదైనా బ్లాంక్ ఊగుతుంటే ఆ పద్ధతితో తక్కువ అంకెలు చూడలేం. వంద రెట్లు చిక్కబరిచే పద్ధతి మలినాన్నీ వంద రెట్లు చిక్కబరుస్తుంది కదా.

మాకు సీసం బ్లాంక్ ఎక్కువగా వస్తుండేది. ఎక్కడినుంచో తెలుసుకోవాలంటే ఒక్కో అడుగునూ విడదీసి చూడాలి. నీరు 18.2 మెగాఓమ్-సెంటీమీటర్ల నిరోధకత ఉన్న అతిశుద్ధ జలం, దానిలో లేదు. నైట్రిక్ ఆమ్లం ట్రేస్ మెటల్ గ్రేడ్‌ది, దానిలోనూ లేదు. బాటిళ్లు పాలిథీన్‌వి, 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి కడిగినవి. పీహెచ్‌ను నిలిపే అసిటేట్ బఫర్‌లో కొంచెం కనిపించింది. దానికి మందు మా దగ్గరే ఉంది: బఫర్‌లో అదే పొడి వేసి, తిప్పి, అయస్కాంతంతో తీసేస్తే బఫర్ శుభ్రపడింది. మన పొడితో మన రసాయనాలనే కడుక్కోవడం నాకు చాలా తృప్తినిచ్చిన ఉపాయం. అయినా అంకె పూర్తిగా దిగలేదు. చివరికి తేలింది, సీసం పొడిలోనే ఉంది. మాగ్నెటైట్‌కు వాడే ఇనుప లవణాల్లో జాడగా సీసం ఉంటుంది. అది కణంలో కూర్చుని ఆమ్లం తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం కారుతోంది. పొడిని వాడే ముందు పలుచని నైట్రిక్ ఆమ్లంతో పదేపదే కడగడం, ఇంకా శుద్ధమైన ఇనుప లవణాలకు మారడం, ఈ రెండూ చేశాకే బ్లాంక్ దిగి ఒకచోట నిలిచింది. పేపర్లలో కాంపోజిట్ నిర్మాణానికి పేజీలకు పేజీలుంటాయి, ఇలాంటి విషయానికి ఒక్క వాక్యం కూడా దొరకడం కష్టం. ఈ రంగంలో నాకు నిజంగా బాధ కలిగించే లోటు ఇదే.

గాలిలోని దుమ్ము మరో శత్రువు. ఈ సంగతిని లోకానికి గట్టిగా చెప్పినవాడు క్లెయిర్ ప్యాటర్సన్. భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో ప్రకటించిన శాస్త్రవేత్త ఆయన. ఉల్కల్లో సీసం ఐసోటోపులు కొలవబోతే ల్యాబంతా సీసమే అని గ్రహించి, అతిశుభ్రమైన ల్యాబును కట్టుకున్నాడు. తర్వాత సముద్రజలాల్లో సీసం కొలిచి, అప్పట్లో పెట్రోలులో కలిపే సీసం భూగోళమంతా పరుచుకుందని 1965లో రాశాడు. ధ్రువ ప్రాంతపు మంచులో కొలతలు ఆ తర్వాత ప్రచురించాడు. ఆయన ముందు చాలామంది సముద్రపు సీసం పేరుతో కొలిచింది తమ ల్యాబులోని సీసాన్నే. మాది అంత క్లీన్ రూమ్ కాదు, వడగట్టిన గాలి నిలకడగా వీచే లామినార్ ఫ్లో హుడ్ ఒక్కటే. బాటిల్ మూత దాని కిందే తీయడం, పౌడర్ లేని గ్లవ్స్ వేసుకోవడం, పిపెట్ టిప్‌లను కూడా ఆమ్లంలో కడగడం అలవాటు చేసుకున్నాక కాడ్మియం, జింక్ అంకెల్లోనూ తేడా కనిపించింది.

పరిస్థితులు కుదర్చడం కాస్త సాఫీగానే సాగింది. పీహెచ్ 3 కంటే తక్కువైతే సీసం పట్టు సడలింది. 8 దాటితే సీసం హైడ్రాక్సైడ్‌గా విరిగిపోతుంది, పొడి పట్టిందో అడుగున పడిందో తెలియదు. 6 దగ్గర పెట్టుకున్నాను. పావుగంట షేకర్ మీద తిప్పితే చాలు. ఒక వింత మాత్రం చెప్పాలి. సముద్రపు నీటిలో పొడి అయస్కాంతం దగ్గరికి చకచకా చేరేది, అతిశుద్ధ జలంలో మాత్రం చాలాసేపు నల్లగా తేలుతూనే ఉండేది. ఉప్పు ఉన్నచోట కణాల మీది విద్యుదావేశం కప్పబడి అవి గుంపు కడతాయి, గుంపును అయస్కాంతం తేలిగ్గా లాగుతుంది. శుద్ధజలంలో విడివిడిగా ఉన్న 10 నానోమీటర్ల కణాన్ని లాగడం కష్టం. అందుకని శాంపిళ్ల కంటే బ్లాంకులకే ఎక్కువసేపు ఆగాల్సి వచ్చేది.

లోహాన్ని దింపడానికి ఏ ఆమ్లమన్నది తేలికగా తేలలేదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసాన్ని, కాడ్మియాన్ని చక్కగా విడదీస్తుంది. కానీ నేను కొలవడానికి వాడే గ్రాఫైట్ ఫర్నేస్‌లో (మంట బదులు చిన్న గ్రాఫైట్ గొట్టాన్ని వేడిచేసే ఏఏఎస్) క్లోరైడ్ ఉంటే ఆ లోహాలు క్లోరైడ్లుగా ముందే ఆవిరైపోతాయి, పరమాణువులుగా మారే క్షణానికి అక్కడ ఉండవు. నైట్రిక్ ఆమ్లానికి ఆ దోషం లేదు, కానీ అది థయాల్‌ను క్రమంగా ఆక్సీకరిస్తుంది. 1 మోలార్ నైట్రిక్ ఆమ్లాన్ని చల్లగా, కొద్ది నిమిషాలే తగిలేలా వాడాలని నిర్ణయించుకున్నాను. పొడి ఎక్కువసార్లు తిరిగి వాడుకోలేకపోయినా ఫర్వాలేదు, కొలత తప్పకూడదు. ఫర్నేస్‌లో పల్లాడియం, మెగ్నీషియం నైట్రేట్ల మిశ్రమం కలిపితే సీసం యాషింగ్ (మిగతా పదార్థాన్ని ముందుగా కాల్చేసే దశ) వేడికి నిలబడుతుంది. సీసాన్ని 283.3 నానోమీటర్ల దగ్గర, కాడ్మియాన్ని 228.8 దగ్గర చదివాను. శిఖరం ఒకే కొండలా, తోక లేకుండా వస్తేనే అంకె రాసుకునేదాన్ని.

ఇక రికవరీ. తెలిసినంత సీసం నీటిలో కలిపి, అందులో ఎంత తిరిగి వచ్చిందో చూడటాన్ని స్పైక్ అంటాం. మాకు 95 నుంచి 103 శాతం మధ్య వచ్చింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మేడమ్ ఆగనివ్వలేదు. "నువ్వు కలిపింది ఒంటరి అయాన్. నదిలో సీసం ఒంటరిగా ఉంటుందా?" అన్నారు. నదుల్లో, చెరువుల్లో ఆకులూ మొక్కలూ కుళ్లగా వచ్చిన హ్యూమిక్ ఆమ్లాలు ఉంటాయి, లోహాన్ని అవి ముందే చుట్టుకుని ఉంటాయి. కలిపిన సీసం పావుగంటలో పొడికి చేరుతుంది, ముందునుంచి ఉన్న సీసం హ్యూమిక్ కౌగిలి వదలదు. స్పైక్ రికవరీ నూరు శాతం చూపిస్తూనే అసలు అంకె తక్కువ రావొచ్చు. లేత గోధుమరంగు నదీజలంతో చూస్తే అదే జరిగింది. దాన్ని ఆమ్లీకరించి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేసి అతినీలలోహిత దీపం కింద ఉంచి సేంద్రియ పదార్థాన్ని విరగ్గొట్టాక, అదే నీటిలో సీసం అంకె పెరిగింది. ఆ నీటికి ఐసీపీ-ఎంఎస్‌లో నేరుగా చదివిన విలువతో అప్పుడు కలిసింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చే 1640ఏ అనే సహజజలపు ప్రామాణిక శాంపిల్‌తోనూ సరిచూసుకున్నాం. అది ఆమ్లంలో నిల్వ ఉన్న నీరు, కాబట్టి ముందు పీహెచ్‌ను జాగ్రత్తగా 6కు తేవాలి. తేవడానికి వాడే అమ్మోనియాకూ బ్లాంక్ చూడాల్సిందే.

దీంట్లో ఒక సౌకర్యం కూడా ఉంది. అతినీలలోహిత చికిత్సకు ముందు వచ్చిన అంకె స్వేచ్ఛగా లేదా వదులుగా అంటుకుని ఉన్న సీసాన్ని, తర్వాతిది మొత్తం సీసాన్ని చెబుతాయి. జలచరాలకు ఎక్కువ హాని చేసేది స్వేచ్ఛగా ఉన్న భాగమే. ఇప్పుడు ప్రతి నదీజలపు శాంపిల్‌కూ రెండు అంకెలూ ఇస్తున్నాను.

ఫ్లేమ్ ఏఏఎస్ మాత్రమే ఉన్న ల్యాబుకు ఇది ఎంతవరకు పనికొస్తుందన్నది కూడా చూశాం. లీటరుకు 10 మైక్రోగ్రాముల సీసం వంద రెట్లు చిక్కబడితే 1000 అవుతుంది, మంటలో అది హాయిగా చదవగల అంకె. ఫ్లేమ్ ఎక్కువ ద్రవం పీల్చుకుంటుంది కాబట్టి 2.5 మిల్లీలీటర్లు ఒకటి రెండు రీడింగులకే సరిపోతాయి, మళ్లీ చదవాలంటే రెండో శాంపిల్ తీయాల్సిందే. ఆ ఇబ్బంది ఉన్నా, హద్దుకు అటో ఇటో చెప్పగలిగే స్థితికి ఆ ల్యాబు వస్తుంది.

ప్రస్తుతం చేతిలో ఉన్నది ఆర్సెనిక్. భూగర్భజలంలో అది రెండు రూపాల్లో ఉంటుంది: మూడో ఆక్సీకరణ స్థితి, ఐదో స్థితి. మూడోది ఎక్కువ విషం, దాన్ని నీటినుంచి తొలగించడమూ ఎక్కువ కష్టం. థయాల్ మూడోదాన్నే పడుతుంది, ఐదోది నీటితో వెళ్లిపోతుంది. అంటే విడదీయడం పొడే చేసిపెడుతోంది. మొత్తం ఆర్సెనిక్ కావాలంటే మరో శాంపిల్‌లో ఎల్-సిస్టీన్‌తో ఐదోదాన్ని మూడోదిగా మార్చి మళ్లీ పట్టాలి. చిక్కు రెండు చోట్ల ఉంది. నీరు పైకి తీయగానే అందులోని ఇనుము గాలి తగిలి తుప్పుగా విరుగుతూ ఆర్సెనిక్‌ను తనతో లాక్కుపోతుంది, కాబట్టి తీసిన చోటే ఫిల్టర్ చేసి, ఈడీటీఏ (లోహాలను చుట్టి పట్టుకునే రసాయనం), ఆమ్లం కలిపి చీకట్లో ఉంచాలి. కానీ అదే ఈడీటీఏ సీసాన్ని పొడికి అందనివ్వదు, అందుకని సీసానికి వేరే బాటిల్ తీయాల్సి వస్తోంది. రెండోది, గంధకం పట్టిన ఆర్సెనిక్ పలుచని ఆమ్లానికి లొంగదు. ఆక్సీకరించి దింపితే థయాల్ పోతుంది, పొడి ఒక్కసారికే పరిమితం. అలా కాకుండా పొడిని కొద్ది నీటిలో చెదరగొట్టి ఆ బురదనే నేరుగా గ్రాఫైట్ ఫర్నేస్‌లోకి పంపి చూస్తున్నాను. దించే అడుగు తప్పుతుంది, ఆమ్లం బ్లాంక్ తప్పుతుంది. ఇనుము వల్ల వచ్చే నేపథ్య శోషణ (ఆర్సెనిక్‌ది కాని కాంతి శోషణ) మాత్రం ఎక్కువగా ఉంది. అయస్కాంత క్షేత్రంతో నేపథ్యాన్ని విడదీసే జీమన్ కరెక్షన్‌తో దాన్ని ఎంతవరకు తీసేయగలనో ఇప్పుడు చూస్తున్నాను.